పచ్చ లైటును నమ్మే రౌటరు

డబ్బా విప్పిన సాయంత్రమే తీగ పీకి చూశాను. ఒక ఇంటర్నెట్ లైను పోతే తానే రెండోదానికి మారే రెండు లైన్ల రౌటరు కొన్నవాళ్లు ఎవరైనా మొదట చేసే పని అదే. ఒక చేత్తో ఫోనులో వీడియో కాల్ పట్టుకుని, రెండో చేత్తో వెనక నీలం పోర్టులో ఉన్న తీగను లాగేశాను. తెర మీద మా తమ్ముడి ముఖం బిగుసుకుపోయింది. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు మళ్లీ కదిలింది. "ఉన్నావా అక్కా?" అన్నాడు. ఉన్నాను. రౌటరు మీద రెండో లైటు వెలిగింది, ఇంటర్నెట్ సిమ్ మీదికి మారింది. ఆ ఉత్సాహంలో అదే రాత్రి ఐదు నక్షత్రాల రివ్యూ రాయడానికి కూర్చున్నాను. నిద్ర ముంచుకొచ్చి రాయలేదు. రాయకపోవడమే మంచిదైంది.

నేను ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతాను. తొమ్మిదో రోజున వర్గ సమీకరణం సూత్రంలో వర్గమూలం గుర్తు గీసి, దాని కింద ఏముండాలో అడుగుతుండగా తరగతి ఆగిపోయింది. తల తిప్పి రౌటరు వైపు చూశాను. మొదటి లైను లైటు పచ్చగా, ఏ చింతా లేకుండా వెలుగుతోంది. ఒక్క పేజీ తెరుచుకోవడం లేదు. పక్కనే సిమ్ మోడెమ్ పనిలేక కూర్చుని ఉంది. అలా నలభై నిమిషాలు గడిచాయి. ఆ నలభై నిమిషాల్లో మా ఇంట్లో ఇంటర్నెట్ పోయిన సంగతి తెలియనిది రౌటరు ఒక్కదానికే.

వస్తువు గురించి నాలుగు మాటలు. అరచేతికన్నా కాస్త పెద్ద నల్లటి పెట్టె, వెనక ఐదు పోర్టులు, అందులో రెండు బయటి లైన్లకు. మొదటిదానికి ఫైబర్ మోడెమ్, రెండోదానికి సిమ్ వేసుకునే చిన్న 4జీ మోడెమ్ తగిలించాను. పేరు రాయడం లేదు. తమ్ముడి ఇంట్లో మరో కంపెనీ రౌటరు ఉంది, దాని సెట్టింగుల పేజీ తిరగేస్తే అందులోనూ ఇదే వరస. ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు.

నలభై నిమిషాలు ఎందుకు పోయాయో తెలుసుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. రౌటరు నుంచి తీగ పీకితే ఆ పోర్టులో సంకేతం ఆగిపోతుంది, లైను పోయిందని రౌటరుకు ఆ క్షణమే తెలుస్తుంది. కానీ ఇళ్లలో ఇంటర్నెట్ అలా పోదు. రౌటరుకూ ఫైబర్ మోడెమ్‌కూ మధ్య ఉన్న మూరెడు తీగను ఎవరూ వచ్చి కత్తిరించరు. తెగేది వీధి చివర, లేదా కనెక్షన్ ఇచ్చినవాళ్ల సొంత నెట్‌వర్క్‌లో ఎక్కడో. అప్పుడు కూడా మోడెమ్ బతికే ఉంటుంది, తీగలో సంకేతం ఉంటుంది, లైటు పచ్చగానే ఉంటుంది. నేను మొదటి సాయంత్రం చేసిన పరీక్ష ఎన్నడూ జరగని ప్రమాదానికి చేసిన పరీక్ష.

దీనికి మందు రౌటరులోనే ఉంది. బయటి లైన్లకు సంబంధించిన వాన్ సెట్టింగుల్లో, అడుగున, "అడ్వాన్స్‌డ్" అన్న చిన్న అక్షరాలు నొక్కితే "ఆన్‌లైన్ డిటెక్షన్" అనే పేజీ తెరుచుకుంటుంది. ఫోను యాప్‌లో ఈ పేజీ లేనే లేదు. బ్రౌజరులో రౌటరు అడ్రసు కొట్టి లోపలికి వెళ్తేనే కనిపిస్తుంది. డబ్బా మీద ఇంత పెద్ద అక్షరాలతో "ఆటోమేటిక్ బ్యాకప్" అని అచ్చువేసి, ఆ బ్యాకప్‌కు ప్రాణమైన పేజీని యాప్‌లో పెట్టకపోవడం నాకు మింగుడుపడలేదు. ఒక నక్షత్రం అక్కడే కోసేశాను.

ఆ పేజీలో, లైను బతికి ఉందో లేదో ఎవరిని అడిగి తెలుసుకోవాలో ఎంచుకోవచ్చు. కంపెనీ పెట్టి పంపినది "గేట్‌వే". అంటే మనకు కనెక్షన్ ఇచ్చినవాళ్ల నెట్‌వర్క్‌లో మనకు ఎదురయ్యే మొదటి గుమ్మం. లోపల ఆఫీసు మూసేసినా గుమ్మం దగ్గరి కాపలా మనిషి "ఉన్నానండీ" అని పలుకుతూనే ఉంటాడు. ఆ పలుకు వినే మా రౌటరు నలభై నిమిషాలు నిశ్చింతగా ఉంది. దాన్ని "మాన్యువల్"కు మార్చి, గుమ్మం దాటి ఊరవతల ఉన్నవాళ్లను పలకరించమని చెప్పాలి. నేను 1.1.1.1, 8.8.8.8 అనే రెండు ఐపీ అడ్రసులు, అంటే ఇంటర్నెట్‌లో యంత్రాలను గుర్తుపట్టే అంకెలు, ఇచ్చాను. మొదటిది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, రెండోది గూగుల్ వాళ్లది. ఇద్దరూ వేరు వేరు యజమానులు కావడం ముఖ్యం. ఒకరి దగ్గర ఏదో తేడా వచ్చిందని మన లైను పోయినట్టు కాదు కదా. "రెండూ పలకకపోతేనే లైను పోయినట్టు" అన్న గడికి టిక్ పెట్టాను.

ఆ తర్వాత ఎన్ని సెకన్లకోసారి అడగాలి, ఎన్నిసార్లు జవాబు రాకపోతే లైను పోయిందనుకోవాలి అన్న రెండు అంకెలు. నాకు కాస్త తొందర ఎక్కువ. సెకనుకోసారి, రెండుసార్లు రాకపోతే చాలు అని పెట్టాను. ఒక సాయంత్రం ఫైబర్ లైను పూర్తిగా పోకుండా నసుగుతూ ఉంది. మధ్యమధ్య రెండు మూడు సెకన్లు జవాబు లేదు, మళ్లీ మామూలే. రౌటరు సిమ్ మీదికి దూకింది, ఫైబర్ మీదికి దూకింది, మళ్లీ సిమ్ మీదికి. గంటన్నర తరగతిలో పద్నాలుగు సార్లు దూకినట్టు తర్వాత, రౌటరు తన పనులు రాసుకునే లాగ్‌లో లెక్కపెట్టాను. అసలు బ్యాకప్ లేకపోయినా అంతకన్నా హాయిగా ఉండేది.

ఎందుకంటే లైను మారడం మన వైపు నుంచి చూసినంత తేలిక కాదు. ఫైబర్‌కు బయటి ప్రపంచంలో ఒక ఐపీ అడ్రసు, సిమ్‌కు మరొకటి. అవతలి సర్వరు మాట్లాడుతున్నది ఒక అడ్రసుతో. ఉన్నట్టుండి అదే మాట మరో అడ్రసు నుంచి వస్తే దానికి మనం ముక్కూ మొహం తెలియని కొత్తవాళ్లం. వీడియో కాల్ తెగి మళ్లీ అతుక్కోవాలి, సగంలో ఉన్న అప్‌లోడ్ మొదటికి రావచ్చు, ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ తెగిపోవచ్చు. కాబట్టి మారడం ఒక్కసారే జరగాలి, నిజంగా అవసరమైనప్పుడే జరగాలి. ఇప్పుడు ఐదు సెకన్లకోసారి, వరసగా మూడుసార్లు రాకపోతే అని పెట్టాను. పదిహేను, ఇరవై సెకన్లలో సిమ్ మీదికి వెళ్తుంది. వెనక్కి రావడానికి మాత్రం ఐదు నిమిషాలు ఆగమన్నాను. ఈ వెనక్కి వచ్చే గడువు అన్నది వేరే అంకెగా ఇచ్చినందుకు ఈ రౌటరును మెచ్చుకోవాలి. తమ్ముడి రౌటరులో అది లేదు, ఫైబర్ ఒక్కసారి ఊపిరి పీలిస్తే చాలు పరుగెత్తుకుని వెళ్లిపోతుంది.

సిమ్ వైపు తనిఖీకి ఇంత హడావుడి అక్కర్లేదు. నా లెక్కల పిచ్చి ఇక్కడ పనికొచ్చింది. "ఉన్నావా" అని అడిగే ఆ చిన్న సందేశాన్ని పింగ్ అంటారు. మామూలుది ఒకటి 84 బైట్లు, దానికి జవాబు మరో 84. ఐదు సెకన్లకోసారి అంటే రోజుకు 17,280 సార్లు. రోజుకు దాదాపు 2.9 మెగాబైట్లు, నెలకు 87. రెండు అడ్రసులైతే దానికి రెట్టింపు. లైను వాడకుండానే! ముప్పై సెకన్లకోసారి, ఒక్క అడ్రసు చాలు అంటే అది నెలకు పదిహేను మెగాబైట్ల లోపే తేలుతుంది.

ఇక్కడ ఒక గోతిలో పడ్డాను, మీరు పడకండి. తనిఖీ సరిచేశాక ఫైబర్ నిజంగానే ఒకసారి పోయింది, రౌటరు చెప్పిన సమయానికి సిమ్ మీదికి మారింది, రెండో లైటు వెలిగింది, అయినా పేజీలు తెరుచుకోవడం లేదు. మా వారు "ఇంకా ఎన్నాళ్లు పడుతుంది దీన్ని బాగు చేయడానికి?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తప్పు నాదే. పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ కోసం కూడా అదే 1.1.1.1, 8.8.8.8 రాసి ఉన్నాను. తనిఖీకి ఇచ్చిన అడ్రసులకు వెళ్లే దారిని రౌటరు మొదటి లైనుకే కట్టేసి ఉంచుతుంది. అలా కట్టకపోతే పింగ్ సిమ్ గుండా వెళ్లి జవాబు తెచ్చుకుంటుంది, ఫైబర్ బాగుపడిందని రౌటరు భ్రమపడుతుంది. కాబట్టి కట్టడం సబబే. కానీ ఫైబర్ చచ్చి ఉన్నంతసేపూ నా డీఎన్‌ఎస్ ప్రశ్నలు కూడా ఆ చచ్చిన దారిలోనే వెళ్లాయి. ఇప్పుడు డీఎన్‌ఎస్‌కు 9.9.9.9, 8.8.4.4 పెట్టాను, తనిఖీకి పాతవి వదిలేశాను. డీఎన్‌ఎస్‌ను "ఆటోమేటిక్"కు వదిలేస్తే సరిపోదా అంటే, అప్పుడు వచ్చేది ఫైబర్ కంపెనీ డీఎన్‌ఎస్. అలాంటివి చాలావరకు తమ సొంత వినియోగదారులకే జవాబిస్తాయి, సిమ్ గుండా వెళ్లి అడిగితే పలకవు.

సరిగ్గా పరీక్షించడం ఎలాగో కూడా చెప్పాలి. తీగ పీకకండి. తనిఖీ అడ్రసుల చోట తాత్కాలికంగా 192.0.2.1 ఒక్కటే రాసి సేవ్ చేయండి. 192.0.2తో మొదలయ్యే అడ్రసులు పాఠ్యపుస్తకాల్లో ఉదాహరణల కోసం పక్కన పెట్టినవి, అక్కడి నుంచి ఎవరూ పలకరు. తీగ తగిలే ఉంటుంది, లైటు పచ్చగానే ఉంటుంది, కానీ రౌటరు లెక్కలో లైను పోయినట్టే. అచ్చం నా నలభై నిమిషాల పరిస్థితి. అప్పుడు అది సిమ్ మీదికి మారితే, మారాక పేజీలు కూడా తెరుచుకుంటే, పని అయినట్టు. తర్వాత అడ్రసులు మళ్లీ మార్చడం మర్చిపోకండి. నేను మర్చిపోయి ఒక పూటంతా సిమ్ మీద గడిపాను.

ఇదంతా బయటి లైన్ల కథ. లోపలి నెట్‌వర్క్ కథ అంతకన్నా ముందే మొదలైంది. నిజానికి తీగ పీకే దాకా రావడానికే ఆ మధ్యాహ్నమంతా పట్టింది. సిమ్ మోడెమ్‌ను రెండో పోర్టుకు తగిలిస్తే "కనెక్టింగ్" అని తిరుగుతుంది, కాసేపటికి ఐపీ అడ్రసు చోట 0.0.0.0 చూపిస్తుంది. కారణం రాయదు. తీగ మార్చాను, సిమ్ తీసి తుడిచి వేశాను, మోడెమ్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి చూస్తే చక్కగా పనిచేసింది. చివరకు ఆ మోడెమ్ అడుగున అంటించిన చీటీ చదివాను. దాని అడ్రసు 192.168.1.1. మా కొత్త రౌటరు తన లోపలి నెట్‌వర్క్‌లో పెట్టుకున్న అడ్రసూ 192.168.1.1.

తరగతిలో ఇద్దరు రవిలు ఉంటే హాజరు పిలిచినప్పుడు ఇంటి పేరు కలిపి పిలుస్తాం. రౌటరుకు ఇంటి పేర్లు లేవు. 192.168.1తో మొదలయ్యేదంతా ఇంట్లోదే అని అది ఒకసారి నిశ్చయించుకుంటే, బయటి పోర్టులోనూ అదే వరస కనిపించేసరికి ఎటు పంపాలో తెలియక చేతులెత్తేస్తుంది. విచిత్రం ఏమిటంటే చోటుకు కొదవ లేదు. ఇళ్ల, ఆఫీసుల లోపలి వాడకానికి 1996లో విడదీసి ఉంచిన అడ్రసుల్లో 10తో మొదలయ్యేవన్నీ ఉన్నాయి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నాయి, ఒక్క 192.168లోనే 256 గదులు, గదికి 254 మంది పట్టేటంత చోటు. అయినా తయారీదార్లలో చాలామంది వచ్చి 192.168.0, 192.168.1 అన్న రెండు గదుల్లోనే ఇరుక్కుంటారు. రౌటరు ఆ ఢీకొట్టడాన్ని కనిపెట్టింది, అందుకే ఆగింది. ఆ ముక్క ఒక్క వాక్యంలో తెర మీద రాసి ఉంటే నా మధ్యాహ్నం మిగిలేది.

లోపలి నెట్‌వర్క్‌కు సంబంధించిన లాన్ పేజీలో రౌటరు అడ్రసును 192.168.50.1గా మార్చి సేవ్ నొక్కాను. చక్రం తిరిగి తిరిగి పేజీ చచ్చిపోయింది. కంగారుపడనవసరం లేదు, రౌటరు తానే కొత్త ఇంటికి మారిపోయింది, బ్రౌజరు ఇంకా పాత తలుపు కొడుతోంది. ఫోన్లలో వై-ఫై ఆపి మళ్లీ పెడితే కొత్త అడ్రసులు తెచ్చుకున్నాయి. మారనిది ప్రింటరు. ఎప్పుడో నేనే దానికి 192.168.1.40 అని చేత్తో రాసి ఉంచాను. ఊరంతా కొత్త కాలనీకి వెళ్లిపోతే ఒంటరిగా పాత ఊళ్లో మిగిలిపోయిన మనిషిలా ఉంది పాపం. దానికి రెండు వరసల చిన్న తెర, పైకీ కిందికీ బాణం గుర్తుల మీటలు. ఒక్కో వరసకు ఒక్కో మీట నొక్కుతూ, దాటిపోతే మళ్లీ వెనక్కి వస్తూ, దాని మెనూలో "డీహెచ్‌సీపీ" దాకా, అంటే అడ్రసును రౌటరునే ఇమ్మనే చోటి దాకా, చేరేసరికి వేలు నొప్పి పుట్టింది. ఇప్పుడు దాని అడ్రసును ప్రింటరులో కాకుండా రౌటరులో, "అడ్రస్ రిజర్వేషన్" పేజీలో నమోదు చేశాను. రేపు మళ్లీ ఇల్లు మారినా మార్చవలసింది ఒక్కచోటే.

ఈ రిజర్వేషన్ పేజీ బాగుంది. తగిలి ఉన్న వస్తువుల జాబితా చూపిస్తుంది, పక్కన ఉన్న తాళం గుర్తు నొక్కితే ఆ అడ్రసు దానికి ఖాయం. మా అత్తయ్య ఫోను దగ్గర మాత్రం తిరకాసు వచ్చింది. ఫోను పెట్టె మీద అచ్చయిన మాక్ అడ్రసు, అంటే తయారీలోనే వస్తువుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, చూసి నమోదు చేస్తే రౌటరు ఆ ఫోనును గుర్తుపట్టదు. ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు అసలు మాక్ అడ్రసు దాచి, వై-ఫైకో కొత్త అడ్రసు అల్లుకుంటాయి. బయట తిరిగేటప్పుడు అది మంచిదే. ఇంటి వై-ఫైకి మాత్రం ఆ ఫోను సెట్టింగుల్లో "పరికరం మాక్" అని ఎంచుకుంటే సరిపోయింది. "నా ఫోనుకు దొంగపేరు ఎందుకమ్మా?" అని అత్తయ్య చాలాసేపు నవ్వారు.

అత్తయ్య ఫోనును ఖాయం చేయడం వెనక స్వార్థం ఉంది. ఫైబర్ పోయిన మొదటి రాత్రే సిమ్‌లో నెలకు ఉన్న డేటాలో సగం పోయింది. టీవీలో ధారావాహిక యథావిధిగా నడిచింది, ల్యాప్‌టాప్ ఏదో పెద్ద అప్‌డేట్ దింపుకుంది. బ్యాకప్ లైను ఎంత నిశ్శబ్దంగా మారితే ఇంట్లోవాళ్లకు అంత తెలియదు. ఈ రౌటరులో "పాలసీ రూటింగ్" అని ఒక పేజీ ఉంది. ఏ వస్తువు ఏ లైను వాడాలో, ఆ లైను పోతే మరోదానికి మారాలో, ఆగిపోవాలో విడివిడిగా రాయవచ్చు. టీవీ, కెమెరాలు ఫైబర్‌కే కట్టేశాను. పాఠాల ల్యాప్‌టాప్, అత్తయ్య ఫోను, మా వారి ఫోను మాత్రమే సిమ్ మీదికి వెళ్తాయి. నా దృష్టిలో డబ్బు పెట్టి కొనదగిన పేజీ ఇదే. మా వారి ఫోను మొదటి జాబితాలో లేదు, పంచాయితీ తర్వాత చేర్చాను.

మిగతావి గబగబా. డబ్బా మీద రెండు లైన్ల వేగం కలిసి వస్తుందని రాశారు. కలవదు. పది మంది పది పనులు చేస్తుంటే పనులను రెండు లైన్లకూ పంచుతుంది అంతే, ఒక ఫైలు మామూలుగా ఒక లైనులోనే దిగుతుంది. పైగా బ్యాంకు సైటు మధ్యలో అడ్రసు మారిందని నన్ను రెండుసార్లు బయటికి పంపేసింది. ఇలా పంచే "లోడ్ బ్యాలెన్స్" ఆపేసి, ఒకటి పోతేనే రెండోదానికి మారే "ఫెయిలోవర్" ఒక్కటే ఉంచాను. వై-ఫై సరిపోతుంది, పొగడడానికీ తిట్టడానికీ ఏమీ లేదు. అతిథుల వై-ఫై ఇంట్లోని ప్రింటరును చూడకుండా అడ్డుకుంటుంది, అడిగింది అదే. సిమ్ మీద ఉన్నప్పుడు బయటి నుంచి నేరుగా ఇంటి కెమెరాలోకి రావాలంటే కుదరదు. నా సిమ్‌కు వచ్చే అడ్రసు 100.64 వరసలోది, అంటే కంపెనీ ఒకే బయటి అడ్రసును చాలామందికి పంచుతోంది. అందులో రౌటరు తప్పేమీ లేదు. కరెంటు పోతే రెండు లైన్లూ కలిసే పోతాయి కాబట్టి రౌటరు, ఫైబర్ మోడెమ్, సిమ్ మోడెమ్ మూడింటికీ యూపీఎస్ కావాలి. మొదట రౌటరుకు ఒక్కదానికే పెట్టి, చీకట్లో వెలుగుతున్న దాని లైట్లను చూస్తూ కూర్చున్నాను.

లాగ్ పేజీ నాకు ఇష్టం, ఒక్క లోపం తప్ప. లోపల గడియారానికి బ్యాటరీ లేదు. ఆపి పెట్టిన ప్రతిసారీ 1970 జనవరి 1తో మొదలుపెడుతుంది, ఇంటర్నెట్ దొరికాక సమయం అడిగి సరిచేసుకుంటుంది. ఇంటర్నెట్ లేని వేళ ఏం జరిగిందో చూడడానికే లాగ్ తెరుస్తాం కదా, సరిగ్గా ఆ వరసలన్నీ నేను పుట్టకముందు జరిగినట్టు రాసి ఉంటాయి.

నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఇంట్లో ఒకరైనా బ్రౌజరులో సెట్టింగులు తెరిచి ఒక ఆదివారం ఖర్చుపెట్టేవాళ్లు ఉంటేనే. డబ్బా విప్పి తగిలించి మర్చిపోదాం అనుకునేవాళ్లకైతే రెండే, ఎందుకంటే వాళ్ల చేతిలో ఇది తీగ పీకినప్పుడు మాత్రమే పనిచేసే బ్యాకప్. మొన్న గురువారం పాఠం మధ్యలో ఫైబర్ మళ్లీ పోయింది. పిల్లల్లో ఒకరు "టీచర్, మీ చెయ్యి గాల్లో ఆగిపోయింది" అన్నారట, నాకు వినిపించలేదు. వినిపించే సమయానికి సిమ్ మీద ఉన్నాను. లాగ్‌లో పద్దెనిమిది సెకన్లు.

నిన్న రౌటరు లోపలి సాఫ్ట్‌వేర్‌కు, అదే ఫర్మ్‌వేర్‌కు, అప్‌డేట్ వచ్చింది, వేశాను. వేశాక అనుమానమొచ్చి ఆ చిన్న అక్షరాలు నొక్కి చూస్తే తనిఖీ మళ్లీ "గేట్‌వే"కు వెళ్లి కూర్చుంది. మిగతా సెట్టింగులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఆ ఒక్కటే పోయింది. మళ్లీ మార్చి, ఈసారి సెట్టింగుల ఫైలును కంప్యూటర్‌లోకి దింపుకున్నాను. ఆ ఫైలుకు పేరు అడిగితే "వర్గమూలం" అని పెట్టాను.